పిన్నికి ఏ దేశం మంచిది?

డెలానీపూర్‌లో నేను పనిచేసే ఆఫీసు పనే లెక్కలు. ఎన్ని ఇళ్ళకు కరెంటుంది, ఎంతమంది పిల్లలు బడికి వెళ్తున్నారు, కాన్పులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా, ఏళ్ళ తరబడి ఇవే రాస్తున్నాను. ఏ దేశం మెరుగో ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేసేవాణ్ణి. ఆ పొగరు మా పిన్ని దించేసింది.

అమ్మా పిన్నీ బర్మాలో పుట్టారు. అక్కడి తెలుగువాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కిన రోజుల్లో, పిల్లల్లేని మేనత్త పిన్నిని అక్కడే తన దగ్గర ఉంచేసుకుంది. అమ్మ వాళ్ళు సముద్రం నడుమ మన దేశానివే అయిన ఈ దీవుల్లో దిగారు. ఇప్పుడు పిన్ని ఊరి చుట్టూ యుద్ధం. చెల్లెల్ని ఎలాగైనా ఇక్కడికి రప్పించాలని అమ్మ పట్టు. కాగితాల తంటా తర్వాత, ముందు పిన్ని ఊఁ అనాలి కదా! ఆమె ఎటూ తేల్చదు.

"ఆపీసోడివి, నువ్వు సెప్తే ఇంటాదిరా," అని అమ్మ నన్ను ముందుకు తోసింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే వీడియో కాల్ చేశాం. ఆసుపత్రి, రేషను, పింఛను, అన్నీ ఏకరువు పెట్టాను. పిన్ని మర్యాదకు వింటోంది. నా ఉపన్యాసం పనికిరాదని తేల్చుకున్న అమ్మ ఫోను లాక్కుని పెరట్లోకి నడిచింది. వేసవిలో మాకు కుళాయి ఏ నాలుగు రోజులకో వస్తుంది. అందుకే మా వీధిలో నిండు డ్రమ్ములుంటేనే కలిగిన ఇల్లు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఓరకంట వాటినే చూస్తారు. అమ్మ ఫోనును మా డ్రమ్ముల వైపు తిప్పింది.

"సూడు సెల్లీ! అన్నీ ఫుల్. ఏ టెన్షనూ లేదు, ఆరామ్‌గా ఉండొచ్చు."

పిన్ని ముఖం ముడుచుకుపోయింది. కళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో అప్పా, నీళ్ళు దాసుకుని బతుకుతున్నావేటి? ఇన్నాళ్ళూ సెప్పలేదేటి? నువ్వే ఇక్కడికొచ్చీ. నా పెరట్లో నుయ్యుంది. బాంబులు రోజూ పడవు, నీళ్ళు రోజూ ఉంటాయి."

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె ఊళ్ళో డాక్టరు లేడు. మాకు ఉన్నాడు గాని, గుండెకేదైనా అయితే సముద్రం దాటి చెన్నై పోవాల్సిందే. బాంబునీ బావినీ ఒక తక్కెడలో ఎలా తూచాలో నాకెవరూ నేర్పలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ తర్వాత పిన్ని ఫోను కలవడం లేదు. అమ్మ రోజూ మధ్యాహ్నం ప్రయత్నిస్తూనే ఉంది. నిన్న ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది:

"ఒరే, నీ లెక్కల్లో సూడు. ఇద్దరు ముసలోళ్ళు ఒకే కాడ సచ్చిపోడానికి ఏ దేశం బాగుంటాది?"