చింతపండుతో తోమిన రాళ్లు

మా ఇంట్లో అటక మీదున్న రేకు ట్రంకుపెట్టె మూత ఎత్తితే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకే చెమ్మ పట్టిన నూలుబట్ట వాసన, అడుగున ఎక్కడో సైకిల్ ట్యూబు రబ్బరు వాసన గుప్పుమంటాయి. అందులో ఉన్నవి ఆరు గళ్ల పావడాలు, ఊదడానికి పనికిరాని ఒక తోలుతిత్తి, తెల్లరంగుతో "స్కాటిష్ సంఘం" అని రాసిన చెక్క పలక. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన ఆడదానికి స్కాట్లాండ్‌తో ఏం పని అని మా ఆఫీసులో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ సంఘంలో ఈ దీవిలో మిగిలిన మనిషిని నేనొక్కదాన్నే, దాన్ని నిలువునా ముంచినదాన్ని కూడా నేనే.

డిగ్నాబాద్ పేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల, చెక్క గోడల మీద రేకులు కప్పిన ఇంట్లో డంకన్ తాత ఉండేవాడు. ఆయన తాత ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి ఓడలో వచ్చి, ఇక్కడ రంపపు మిల్లులో మేస్త్రీగా చేసి, ఇక్కడి మనిషినే పెళ్లాడి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడట. మూడో తరానికి వచ్చేసరికి డంకన్ తాతలో స్కాట్లాండ్ అంటూ మిగిలింది పిల్లికళ్లూ, ఎండకి కందిపోయే ముక్కూ మాత్రమే. మాట మాత్రం అందరిలాగే హిందీ, మధ్యమధ్యలో మా నానమ్మ దగ్గర పట్టిన తెలుగు. ఆ దేశాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. ఇంట్లో కాగితాలన్నీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పోయాయి. ఫెర్రీలో సముద్రపు పాయ దాటితే వచ్చే బాంబూఫ్లాట్ అవతల కొండవాలులో, పొదల మధ్య ఐదు పాలరాతి సమాధులు మిగిలాయి, వాటిలో ఒకటి ఆయన తాతది. దాని మీద ఆ తాత పేరు, పేరు కింద ఆయన పుట్టిన ఊరు చెక్కి ఉండేవి. "మేం ఎక్కడోళ్లమో చెప్పడానికి అదొక్కటే సబూత్ బేటీ," అనేవాడు. ఎప్పటికైనా ఆ ఊరికి ఉత్తరం రాసి తన వాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోవాలని ఆయన కోరిక. ఏటా "వచ్చే ఏడు రాస్తా" అనేవాడు. జవాబు రాకపోతే తట్టుకోలేననే భయంతోనే వాయిదా వేసేవాడని ఇప్పుడనిపిస్తుంది.

సంఘమంటే పెద్దగా ఏమీ కాదు. ఆయనా, లేకలేక పుట్టిన, నాకన్నా చిన్నదైన ఆయన కూతురు ఎల్సీ, మిల్లులో ఆయనతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు, వీధిలో పిల్లలం. ఆదివారం మధ్యాహ్నం బయట వాన రేకుల మీద డబడబలాడుతుంటే, లోపల చెక్క నేల మీద రెండు గేలం కర్రలు అడ్డంగా పెట్టి, వాటిని తొక్కకుండా మునివేళ్ల మీద ఎగురుతూ నాట్యం నేర్చుకునేవాళ్లం. కత్తుల మీద చెయ్యాల్సిన నాట్యమట అది, మాకు కత్తులెవరిస్తారు! గళ్ల పావడాలకి అసలు ఉన్నిబట్ట ఎక్కడా దొరక్క, బజార్లో మద్రాసు గళ్ల లుంగీలు కొని మా అమ్మ మిషను మీద మడతలు పెట్టి కుట్టింది. తోలుతిత్తి వాయిద్యం చెమ్మకి చివికి చిల్లు పడితే తాత సైకిల్ ట్యూబు ముక్క అంటించి, బుగ్గలు ఎర్రగా కమిలిపోయేదాకా ఊదేవాడు, అది మొదట గేదెలా అరిచి, తర్వాతెప్పటికో పాటలోకి వచ్చేది, అప్పటికి మేమంతా పొట్టలు పట్టుకుని నేల మీద దొర్లుతూ ఉండేవాళ్లం.

చలికాలపు విందు మరో తమాషా. గొర్రె పొట్టలో మాంసమూ ఓట్సూ కూరి ఉడికించాలని తాత చెప్పేవాడు, గొర్రె దొరక్క మేకని తెచ్చేవారు, ఓట్స్‌కి బదులు చోడిపిండి, అదే రాగిపిండి. పొట్టని సున్నం నీళ్లలో వేసి గీకి తెల్లగా చెయ్యడం వీధి మొత్తం మీద మా నానమ్మకి ఒక్కదానికే వచ్చు. మసాలా వెయ్యకూడదని తాత బతిమాలేవాడు. "ఓలమ్మో, కారం నేకుండా బోటీ ఏటి బాబూ, కుక్కలైనా ముట్టవు," అని నానమ్మ ఆయన అటు తిరగ్గానే అల్లం వెల్లుల్లి దంచి పడేసేది. ఆ ఘుమఘుమలకి స్కాట్లాండ్ వాళ్లు ఎవరైనా వచ్చి ఉంటే వాళ్లు కూడా రెండోసారి వడ్డించమనేవాళ్లు.

వానలు వెనకపట్టు పట్టి, గాలి పొడిగా చల్లగా మారగానే సమాధులు శుభ్రం చేసే రోజు వచ్చేది. సంచుల్లో పులిహోర, కొబ్బరిపీచు, బకెట్లు పట్టుకుని ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ దాటి కొండెక్కేవాళ్లం. ఒక్కొక్కరికి ఒక్కో రాయి. తోమడం అయ్యాక ఆ రాయి కింది మనిషి పేరు గట్టిగా చదవాలి, అది సంఘం నియమం. మోకాళ్లు వంగక తాత తన తాత రాయిని నాకు అప్పగించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అంత గౌరవం నా జీవితంలో మళ్లీ దక్కలేదు.

పీచుతో ఎంత రుద్దినా రాయి మీద నల్లటి పాకుడు వదల్లేదు. దసరాకి ముందు నానమ్మ ఇత్తడి బిందెలకీ కుందులకీ చింతపండు పట్టించి, కాసేపు వదిలి, తోమి మెరిపించడం నాకు తెలుసు. మరుసటి ఏడు ఒక గిన్నెడు చింతపండు గుజ్జు పట్టుకెళ్లాను. రాయంతా పూసి, పులిహోర తిని వచ్చేదాకా వదిలి, అప్పుడు తోమితే చూడాలి, పాలలా తెల్లగా బయటపడింది! డంకన్ తాత చేతులు జోడించాడు. "శాబాష్ బేటీ, ఇన్నేళ్లకి నా తాత స్నానం చేశాడు," అన్నాడు. ఆ ఏటి నుంచి అందరి సంచుల్లోనూ చింతపండే. ఐదు రాళ్లనీ ఏటా తోముతూనే ఉన్నాం.

పాలరాతి మీద నిమ్మరసం చుక్క వేస్తే నురగ ఎందుకొస్తుందో మా సైన్సు టీచరు చూపించిన రోజు నాకు పధ్నాలుగేళ్లు. పులుపు రాయిని తింటోంది పిల్లలూ, అన్నారు. చింతపండుతో మేం తోమే రాళ్లు గుర్తొచ్చాయి. అప్పటికే అక్షరాల అంచులు మొద్దుబారాయి, ఉప్పుగాలికి అలా అవుతోందని పెద్దవాళ్లు అనుకుంటున్నారు. ఆ సాయంత్రమే తాత ఇంటికి పరిగెత్తి చెప్పాల్సింది. గుమ్మం దాకా వెళ్లాను కూడా. "రా రా, మా తాతకి నీళ్లు పోసిన బేటీ!" అని లోపలి నుంచి కేకేశాడు. అటునుంచటే ఇంటికి తిరిగొచ్చేశాను. పోనీ ఆ ఊరి పేరైనా ఒక కాగితం మీద రాసుకోవచ్చు కదా! రాస్తే ఎందుకని అడుగుతారని భయం. రాయి మీద ఉన్నదాన్ని ఎవరు రాసుకుంటారు? ఆ ఊరి పేరు గొంతులోంచి గరగరమంటూ పలకాలి, తాతకి తప్ప ఎవరికీ నోరు తిరిగేది కాదు, పలకబోయి నవ్వుకునేవాళ్లం. ఆ చలికాలం కూడా చింతపండు నానబెట్టి పట్టుకెళ్లాను. తెలిసి కూడా తోమాను. ఆ తర్వాత ఎన్నేళ్లు తోమానో లెక్కపెట్టుకునే ధైర్యం నాకు లేదు.

నానమ్మ పోయింది, మిల్లు వాళ్లు ఒకరొకరే పోయారు, మాతో ఎగిరిన పిల్లలు మెయిన్‌ల్యాండ్ చేరారు. తాతకి కళ్లు మసకలు పడ్డాయి, తర్వాత జ్ఞాపకం కూడా. అన్నం తిన్నాడో లేదో తెలిసేది కాదు కానీ, ఉత్తరం రాయాలన్న మాట మాత్రం మరిచిపోలేదు. రెండేళ్ల క్రితం ఎల్సీ, "పప్పా, ఈసారి నేనే రాస్తాను, ఊరి పేరు చెప్పు చాలు," అంది. ఆయనకి గుర్తు రాక, "రాయి మీద ఉంది కదా, చలో," అన్నాడు.

ముగ్గురమే వెళ్లాం. కొండెక్కించి, ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయన్ని రాయి ముందు కూర్చోబెట్టాం. మంచినీళ్ల సీసా కోసం ఎల్సీ కిందికి దిగింది. రాయి తెల్లగా, నున్నగా, ఇంట్లో సన్నికల్లులా ఉంది. ఒక్క గీత లేదు.

"చదువు బేటీ," అన్నాడు.

ఆయన తాత పేరు నాకు కంఠతా వచ్చు, గట్టిగా చదివినట్టు చెప్పాను.

"ఊరు?"

"పాకుడు పట్టింది తాతా, కనపడ్డం లేదు."

ఆయన ముఖం వెలిగింది. "అరే, అంతేనా! నువ్వున్నావు కదా. ఇమ్లీ పూసి తోము, సాఫ్ అయిపోతుంది."

సంచిలో చింతపండు ఉంది. ఎల్సీయే అలవాటు కొద్దీ పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని ఆ ఉత్త రాయికి గుజ్జు పూశాను, పీచు తీసుకుని తోమాను. "వచ్చిందా?" అని అడిగేవాడు. "వస్తోంది తాతా," అనేదాన్ని. మళ్లీ అడిగేవాడు. ఏడుపు చప్పుడు వినపడకుండా ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. ఫెర్రీ వేళ అయిందని ఎల్సీ వచ్చి పిలిచేదాకా అలాగే తోముతూ ఉన్నాను, ఆయన అలాగే అడుగుతూ ఉన్నాడు.

ఆ ఏటి వానల్లోనే ఆయన పోయాడు. ఎల్సీ ఇల్లు ఖాళీ చేసి, ట్రంకు నాకిచ్చి చెన్నై వెళ్లిపోయింది. ఆ ఇంటి స్థానంలో ఇప్పుడు స్కూటర్లు అద్దెకిచ్చే షెడ్డు వేశారు. ఆదివారాలు వీధిలో ఏ చప్పుడూ లేదు, చోడిపిండి కూరిన బోటి ఎలా చెయ్యాలో తెలిసిన మనిషి ఈ దీవిలో లేదు, కొండ మీద ఆ రాళ్ల కింది ఐదుగురు ఎక్కడివాళ్లో ఎవరికీ తెలియదు. ఎల్సీ నెలకోసారైనా ఫోను చేస్తుంది. "దీదీ, ఆ ఊరి పేరు గుర్తొచ్చిందా? అన్నేళ్లు ఆ రాయిని చూసింది నువ్వే కదా," అంటుంది. ఇంకా రాలేదమ్మా, అంటాను. ఉప్పుగాలి ఎంత పని చేసింది చూడు దీదీ, అని అటువైపు ఏడుస్తుంది. అవును ఎల్సీ, ఉప్పుగాలే, అంటాను.