నొప్పి ఎప్పుడు మొదలవుతుందని అడిగిన మనిషి

ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా నేను కూర్చునే గదికి ఎదురుగా, నొప్పులకి చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్లలున్నాయి. వానాకాలంలో కిటికీలు మూసేస్తారు. మెడలకీ నడుములకీ రుద్దుకున్న మందు వాసన, కర్పూరం ఘాటు కలిసిన వాసన, ఎటూ పోలేక వసారాలోనే నిలిచిపోతుంది. మొన్నొక పొద్దున గొడుగు ముడుచుకుంటూ అందులోంచి నడుస్తుంటే నా కాళ్ళు ఆగిపోయాయి. అరచేతులకి చెమట పట్టింది. ఎదురుగా భయపడాల్సిన మనిషెవరూ లేరు. బల్ల మీద ఒక ముసలావిడ పొట్లం విప్పుకుని ఇడ్లీ తింటోంది, అంతే. గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాక తెలిసింది, ఆ భయం ఇప్పటిది కాదు. కొన్నేళ్ళ కిందట నౌపడ దగ్గర, సముద్రం ఒడ్డున ఒక రేకుల ఇంట్లో నన్ను పట్టుకున్నది. ఆ ఇంట్లో నా పక్కన విశాలాక్షి మేడం కూర్చుని ఉన్నారు. ఆమె ఇప్పుడు లేరు. ఆమెని ఎరగనివాళ్ళకి ఆమె గురించి చెప్పాలంటే ఆ ఇంటి గురించే చెప్పాలి.

మేడం విజయనగరంలో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. అయినా ఏ ఇంటికి వెళ్ళినా కుర్చీ వద్దని చాప మీదే కూర్చునేవారు. క్లాసులో పుస్తకంలా మాట్లాడే ఆమె ఊళ్ళోకి దిగగానే ఊరి మాటలోకి వచ్చేసేవారు. 2015 ప్రాంతంలో ఆమె ఒక పరిశోధన మొదలుపెట్టారు. తీరప్రాంతపు ఆడవాళ్ళలో ఏళ్ళ తరబడి తగ్గని నొప్పులకీ, వాళ్ళ నిద్రకీ, పిల్లల్ని పెంచే తీరుకీ ఏమైనా సంబంధం ఉందా అని. ఇంట్లో మొగుడి చేతి దెబ్బలకీ వీటికీ సంబంధం ఏమిటన్నది నాలుగో సంగతి. దాన్ని మేం పైకి చెప్పేవాళ్ళం కాదు. ఊళ్ళల్లో మమ్మల్ని నొప్పులవాళ్ళు అని పిలిచేవారు. నాది కోటబొమ్మాళి, మా నాన్నకి బజారులో కిరాణా కొట్టు. ఎమ్మే అయి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను ఆమె ఆ పనిలోకి తీసుకున్నారు.

మొదట్లో నేను అందరినీ నొప్పి ఎక్కడ అని అడిగేదాన్ని. వాళ్ళు చెయ్యి పెట్టి చూపించేవారు, నేను రాసుకునేదాన్ని. వారం రోజులు చూసి, ఒక మధ్యాహ్నం ఆటో కోసం నిలబడి ఉండగా మేడం అన్నారు. "ఎక్కడో డాక్టరు అడుగుతాడే పద్మా. ఎప్పుడు మొదలవుతుందో మనం అడగాలి. అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. అదే కష్టం."

నూకమ్మకి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. నెత్తిన గంప పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళల్లో చేపలమ్మేది. మెడ నుంచి కుడి భుజం దాకా నొప్పి, రుద్దుకున్న కర్పూరం మందు వాసన ఆ రేకుల ఇల్లంతా ఉండేది. బరువు వల్ల వచ్చిందని డాక్టరు బిళ్ళలిచ్చాడు, తగ్గలేదు. ఆమె మొగుడు లచ్చయ్య చాలామంది మత్స్యకారుల్లాగే ఏడాదిలో సగానికి పైగా గుజరాత్ బోట్ల మీద పనిచేసి, వేసవిలో ఇంటికొస్తాడు. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అతను ఏదో పని మీద బయటికి వెళ్ళాడు. నొప్పి ఎప్పుడు మొదలవుతుందని మేడం అడిగారు. నూకమ్మ గంప అంచుని వేలితో గీరుతూ చాలాసేపు ఊరుకుంది. నాకు మధ్యలో ఏదైనా మాట్లాడాలనిపించింది. మేడం కదల్లేదు.

"ఆడు రైలెక్కినాడని ఫోనొస్తాది కదమ్మా," అంది నూకమ్మ చివరికి. "అప్పుడే మెడ పట్టేస్తాది. ఆడింకా దిగనేదు, సెయ్యి ఎత్తనేదు. మెడకి ముందే తెలిసిపోతాది."

ఆ మాట తరవాత మిగిలినవి నెమ్మదిగా వచ్చాయి. అతను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పడుకోనని, తలుపుకి వీపు ఆనించి కూర్చునే కునుకు తీస్తానని చెప్పింది. గౌరి అని ఆరేళ్ళ కూతురుంది. మేం వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల మూలన కూర్చుని గవ్వలు పేరుస్తోంది, ఒక్క గవ్వ చప్పుడు చెయ్యలేదు. ఏడుపు వినిపిస్తే అతనికి కోపం రేగుతుందని, ఊపిరి కూడా పైకి తీయకుండా ఉండడం నూకమ్మే పిల్లకి నేర్పింది. గిల్లి నేర్పానని, నోరు నొక్కి నేర్పానని చెబుతూ మొహం పక్కకి తిప్పుకుంది. మేడం తప్పని అనలేదు. ఆ పిల్లని కాపాడడానికి నీకు దొరికిన దారి అదొక్కటే, ఇంకోటి ఉందేమో ఇద్దరం కలిసి చూద్దాం అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు లచ్చయ్య ఊళ్ళో లేడని చెప్పారు. మాటల మధ్యలో వాకిట్లో వెలుతురు తగ్గింది. నేను గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాను. నూకమ్మ మొహంలోంచి రక్తం దిగిపోవడం చూసి వెనక ఎవరున్నారో తెలిసింది. మేడం గొంతు మారలేదు. "అయితే దోమతెర లేదంటావు, పిల్లకి జ్వరం ఎన్నిసార్లొచ్చిందీ?" అని, అంతకుముందు అడుగుతున్నది కూడా అదే అన్నట్టు అడిగారు. నూకమ్మ కూడా దోమల గురించే చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరూ ముందే అనుకున్నారా అనిపించేంత సాఫీగా. తరవాత తెలిసింది, మొదటిరోజే, నేను ఆటో కోసం బయటికెళ్ళినప్పుడు అనుకున్నారట.

అతను అరవలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి మా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. మాకు కొబ్బరిబోండాలు కొట్టించనా అని అడిగాడు. అతను ఎంత మర్యాదగా మాట్లాడితే నా గుండె అంత గట్టిగా కొట్టుకుంది. దోమల గురించి అడగడానికి విజయనగరం నుంచి వచ్చారా అని నవ్వాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"మీదే ఊరు, పాపా?"

కోటబొమ్మాళి అని నోరు జారింది. ఎవరి తాలూకా, ఎవరి అమ్మాయివి అన్నాడు. అబద్ధం తోచలేదు. నాన్న కొట్టు సంగతి చెప్పేశాను. "టేషన్ రోడ్డు మీద కదా. తెలుసు," అన్నాడు. ఆ కాసేపూ మూలనున్న పిల్ల రెప్ప వేయడం కూడా నేను చూడలేదు.

కొన్నాళ్ళకి, భోజనం దగ్గర నాన్న మామూలుగా చెప్పారు. ఎవరో బెస్తవాళ్ళ కుర్రాడు కొట్టుకొచ్చి అగ్గిపెట్టె కొన్నాడట, మీ పాప బాగున్నాదా, ఇంకా ఆ ఊళ్ళమ్మట తిరుగుతున్నాదా అని అడిగాడట. మంచి మాటకారి అన్నారు నాన్న. మర్నాడు మేడానికి ఫోన్ చేసి పని మానేస్తానన్నాను. ఊరికే భయపడుతున్నావని అంటారనుకున్నాను, అననందుకు ఇంకా భయమేసింది. మధ్యాహ్నం రైలుకే ఆమె మా ఇంటికి వచ్చారు. జరిగినదంతా నాన్నకి దాచకుండా చెప్పారు. నాన్న అంతా విని, మా అమ్మాయిని ఇలాంటి చోటికి ఎందుకు తీసుకెళ్ళారని మాత్రం అడిగారు. మేడం తలొంచుకుని విన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నాతో అన్నారు. "నీకు భయం వేసిందంటే ఏదో చూశావన్నమాట. దాన్ని పక్కకి నెట్టకు. రావాలో వద్దో నువ్వే చెప్పు."

ఆ రాత్రంతా ఆలోచించాను. మానేస్తే అతను మా కొట్టుకి రావడం ఆగుతుందని ఎక్కడా లేదు. నేను మళ్ళీ వెళ్ళాను, కానీ ఆ ఇంటికి కాదు. నూకమ్మ చేపలమ్మడానికి నౌపడ వచ్చినప్పుడు, ఉప్పు మడుల్లో పనిచేసే ఆమె అక్క ఇంట్లో కలుసుకునేవాళ్ళం.

పోలీసు కేసు పెట్టించాలని నేను పట్టుబట్టాను. విజయనగరంలో ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఇల్లు ఉంది, మేడం అక్కడ మాట్లాడి ఉంచారు. గృహహింస కేసులు చూసే అధికారితోనూ మాట్లాడారు. ఇంకా ఎందుకు ఆలస్యమని నాకు కోపం. మేడం నూకమ్మనే అడిగారు, నీకేమనిపిస్తోందని. ఇప్పుడు కదిలితే సంపేస్తాడమ్మా, మళ్ళీ గుజరాత్ ఎల్లిపోనీ, అంది నూకమ్మ. సరే అన్నారు మేడం. అది పిరికితనమని రైల్లో ఆమె మొహం మీదే అన్నాను. అతను ఎప్పుడు ఏం చేస్తాడో ఆమెకి తెలిసినంతగా నాకూ నీకూ తెలియదు, అన్నేళ్ళు ఆమె ప్రాణం నిలిచింది ఆ తెలివి మీదే, అన్నారు మేడం.

వానలు మొదలయ్యాయి. బోట్లకి వెళ్ళేవాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. అప్పుడు లచ్చయ్య ఈ ఏడు వెళ్ళనన్నాడు. మేం ఆశ పెట్టుకున్నదల్లా అతను రైలెక్కడం మీదే.

ఒక పొద్దున కొట్టు తెరిచి నాన్న గుమ్మం తుడుస్తుంటే, నూకమ్మ నెత్తిన గంపతో, చెయ్యి పట్టుకున్న గౌరితో వచ్చి నిలబడింది. చేపలు కావాలా అని అందరికీ వినపడేలా అడిగింది. నేను బయటికొచ్చాక గొంతు తగ్గించింది.

"కొన్నాళ్ళై ఆడు తిట్టడం మానేసినాడు పాపా. అన్నం బాగున్నాదంటన్నాడు. ఇయాలే ఎల్లిపోవాల."

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. తిట్టడం మానేశాడంటే ఏదో పెద్దదానికే సిద్ధమవుతున్నాడని నాకూ అర్థమైంది. మేడానికి ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు, ఇప్పుడున్న బండికి బయల్దేరుతున్నానన్నారు. నాన్న మారు మాట్లాడకుండా వాళ్ళిద్దరినీ కొట్టు వెనక బస్తాల గదిలో కూర్చోబెట్టి, ముందు తాను కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడినీ తలెత్తి చూశారు. అమ్మ గ్లాసుతో పాలిచ్చినా ఆ పిల్ల తాగలేదు.

మేడం దిగాక విజయనగరం వెళ్ళే ప్యాసింజరు కోసం స్టేషన్లో నిలబడ్డాం. వాన కురుస్తోంది. ప్లాట్‌ఫారం మీద జనం పెద్దగా లేరు. మేడం మంచినీళ్ళ సీసా మూత తీయబోయారు, వేళ్ళు జారిపోతున్నాయి. మళ్ళీ తిప్పారు, రాలేదు. అప్పుడు చూశాను, ఆమె చేతులు వణుకుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆమెకి భయం లేదనుకున్నాను. సీసా నాకిచ్చి, "తియ్యవే, నా వల్ల కావడం లేదు," అన్నారు, దాచుకోకుండా.

నూకమ్మ ఫోను మోగింది. ఆమె తెర మీద పేరు చూసి మాకు చూపించింది. ఫోను ఆపేయమని నేను సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది, ఆపితే తెలిసిపోతుందని. మేడం కూడా మాట్లాడమన్నట్టు కళ్ళతోనే చెప్పారు. నూకమ్మ గంప కిందపెట్టి, రోజూ ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది.

"ఏటి మావా. నౌపడలో ఉన్నాను. వానకి బేరాల్లేవు. పిల్ల నాకాడే ఉన్నాది. ఎలిసినాక వస్తాను."

స్టేషన్ మైకు ఏ క్షణాన అరుస్తుందోనని నేను దాని వైపే చూస్తున్నాను. గౌరి తనంతట తానే రెండు చేతులతో నోరు మూసుకుంది. నూకమ్మ ఫోను కొంగులో పెట్టుకున్నాక కాసేపటికి మైకు మోగింది. బండి వచ్చేదాకా రోడ్డు మీద ఏ మోటార్‌సైకిల్ చప్పుడైనా మేం నలుగురం ఒకేసారి తలలు తిప్పాం. బండి కదిలాక, తిలారు స్టేషన్ దాటాక, ఇంక చెయ్యి తీసెయ్యమ్మా, మాట్లాడొచ్చు అన్నారు మేడం ఆ పిల్లతో. తీయలేదు. మేడం బలవంతం చేయలేదు. విజయనగరం దాకా పక్కనే కూర్చుని కిటికీ బయట కనిపించినవన్నీ తన పాటికి తాను చెబుతూ వచ్చారు, గేదె అనీ, చెరువనీ, తడిసిన కాకి అనీ.

తరవాత జరిగినవి అంత తేలిగ్గా జరగలేదు. లచ్చయ్య నూకమ్మ అక్క ఇంటి మీదకి వెళ్ళి పెంకులు పగలగొట్టాడు. మా కొట్టు ముందు రెండుసార్లు నిలబడ్డాడు. కేసు పెట్టాక పోలీసులు పిలిచి కూర్చోబెట్టారు, నూకమ్మ దరిదాపులకి రాకూడదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడు బోట్లకి వెళ్ళాడు. కొన్ని నెలలు నేను తోడు లేకుండా బజారుకి వెళ్ళలేదు. ఆశ్రయంలో చేరిన చాలా రోజులకి గౌరి ఒక మధ్యాహ్నం పడిపోయి మోకాలు చెక్కుకుని, గట్టిగా, వీధంతా వినపడేలా ఏడ్చిందట. నూకమ్మ ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుందట. ఆ కబురు చెప్పడానికే మేడం నాకు ఫోన్ చేశారు. చెబుతూ చెబుతూ మాట ఆపేసి, తరవాత మాట్లాడతానని పెట్టేశారు.

నూకమ్మ ఇప్పుడు విజయనగరంలో చేపలమ్ముతుంది. మెడ నొప్పి పూర్తిగా పోలేదు. వాన పట్టినప్పుడు వస్తుందట. పడుకుని నిద్రపోవడానికి మాత్రం ఏడాది పైగా పట్టిందని చెప్పింది. ఆ పరిశోధన ముగిసింది. నూకమ్మని గుర్తుపట్టే ఏ సంగతీ అందులో ఉండకూడదని మేడం ఆమె భాగం మొత్తం తీసేయించారు. పదవీ విరమణ చేసిన కొద్దికాలానికే మేడం పోయారు. నేను ఆఖరిచూపుకి వెళ్ళినప్పుడు నూకమ్మ మేడం ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

నాకు ఆ ధైర్యం అబ్బిందని చెప్పలేను. నేను ఇప్పటికీ భయస్తురాలినే. గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేను. కానీ, భయపడకండి అని ఎవరితోనైనా అనడం మానేశాను. నిన్న నడుము నొప్పని ఒకామె వచ్చింది. ఆమె మొగుడు పక్కన నిలబడి ప్రతి ప్రశ్నకీ తానే జవాబు చెప్పాడు, చాలా మర్యాదగా. నాకు అరచేతులు తడిశాయి. కింద కౌంటర్‌లో ఆధార్ కార్డు నకలు ఇచ్చి రమ్మని అతన్ని పంపాను. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ఆమె పక్కకి జరుపుకుని కూర్చున్నాను. ఆయన మెట్లెక్కి రావడానికి కాస్త టైం పడుతుందమ్మా, నాకూ భయంగానే ఉంది, అన్నాను. ఆమె మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది.