నిండిందని చెప్పని సోమవారం

నా చిన్నప్పుడు వారంలో నాకు ఇష్టమైన రోజు సోమవారం. మాది అత్వెల్లి. అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. బాపు ద్రాక్ష తోటలో కూలికి పొద్దున్నే వెళ్లిపోయేవాడు. వెళ్లేముందు ఆయన వండిన అన్నం, నేను మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి చల్లారి గట్టిపడేది. నాకు ఎనిమిదేళ్లు. అదే తిని మళ్లీ బడికి పోయేదాన్ని.

ఒక సోమవారం పక్కింటి పెద్దమ్మ నన్ను పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, వేడన్నంలో పప్పు, నెయ్యి వేసి పెట్టింది. ఆ తర్వాత ప్రతి సోమవారం పిలిచింది. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చునేది, తను మాత్రం తినేది కాదు. చివర్లో "కడుపు నిండిందా బిడ్డా?" అని అడిగేది. "నిండింది పెద్దమ్మా" అని నేను అన్నాకే లేచేది. అమ్మ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమెకు నేనంటే ప్రాణమనుకున్నాను.

అప్పుడు ఆమె కూతురు కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. అంతకుముందు రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు. నేను తింటుంటే అక్క లోపలి గుమ్మంలో కూర్చుని నన్నే చూసేది. ఎందుకు చూస్తోందో నేను ఆలోచించలేదు.

అది బోరింగు దగ్గర తెలిసింది. నీళ్లు కొడుతున్న ఇద్దరు ఆడవాళ్లు వెనక ఉన్న నన్ను గమనించలేదు.

"పెద్దమ్మ గా పిల్లకు ఊకెనే పెడ్తాందనుకున్నవా? కీసరగుట్ట మీద శివునికి మొక్కుకున్నది. తల్లి లేని పిల్లకు పదకొండు సోమవారాలు కడుపు నింపితే, తన బిడ్డకు కడుపు నిలుస్తదని" అంది ఒకామె.

"పిల్ల నోటితోని నిండిందని చెప్పాలెనట గద?"

"ఆ, చెప్పినంకనే ఈమె ముద్ద ముట్టాలె. నసీబు మంచిగున్నది, తల్లి లేని పిల్ల పక్కింట్లనే దొరికింది. యాడికో పోయి దేవులాడే పని లేకుండె."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఖాళీ బిందెతో ఇంటికి వచ్చేశాను.

తర్వాత వచ్చింది తొమ్మిదో సోమవారం. పెద్దమ్మ పిలిస్తే పలకలేదు. చివరికి అక్కే నడుము మీద చెయ్యి పెట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. "దా చెల్లె, అమ్మ పొద్దుగాల సంది మంచినీళ్లు సుత ముట్టలే" అంది.

వెళ్లి పీట మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది, కానీ లేచి పోలేను. తింటే నేను వాళ్ల మొక్కుకు కావలసిన కొబ్బరికాయలాంటిదాన్ని. తినకపోతే అక్క కడుపులోని బిడ్డకు ఏమవుతుందో అని భయం. తిన్నాను. ఆమె అడిగినప్పుడు మాత్రం "నిండలే" అన్నాను. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే అన్నాను. గిన్నె అడుగు గీకి పెట్టింది. అక్క వైపు చూడలేదు. నాకు కడుపులో నొప్పి మొదలైంది. అయినా ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్ని ఇవ్వకుండానే లేచి వచ్చేశాను.

ఆ వారంలోనే అక్కను జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. కడుపు పోయిందని సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కొన్నాళ్లకు అల్లుడు వచ్చి ఆమెను తీసుకెళ్లిపోయాడు.

చేసింది నేనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. అవతల పెద్దమ్మ దగ్గితే ఇవతల నేను దుప్పటి తలదాకా కప్పుకునేదాన్ని. బాపు జ్వరమనుకుని మాత్రలు తెచ్చాడు. ఆ గోడ పక్కనే పడుకోవాలి, లేవాలి, బడికి ఆమె గుమ్మం ముందు నుంచే పోవాలి. నాకు వేరే దారి లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మే మా ఇంటికి వచ్చింది. చేతిలో అన్నం గిన్నె, రెండు కంచాలు. నేను మూలకు జరిగి ఏడ్చాను. ఆ రోజు కడుపు నిండిందని, కావాలనే అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"నాకు తెల్వదా? గింతంత పొట్టల కుండెడు బువ్వ వోసుకుంటివి, నిండకేమైతది" అంది. నవ్వబోయి ఆగిపోయింది. మళ్లీ అంది: "నీ ఒక్క మాటకు పోయే పానమైతే, నేను మొక్కిన ఇన్ని మొక్కులకు నిలవకపోవునా. నువ్వేం జెయ్యలే బిడ్డా."

ఇప్పుడు మొక్కు లేదు కదా, మరి ఎందుకు తెచ్చావని అడిగాను. నామీద ప్రేమతో అంటుందని ఆశపడ్డాను. ఆమె కంచాలు రెండూ కింద పెట్టి, ఆలోచించి చెప్పింది.

"అప్పుడు నా బిడ్డ కోసం పెట్టిన. గది నీకు చెప్పకపోవుడు నా తప్పు. ఇప్పుడు నా కోసం తెచ్చిన. ఒక్కదాన్ని కూసుంటే ముద్ద దిగుతలేదు. ఇగ తిను."

ఆమె అన్నం తినడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత చాలా చదివాను. ఫలం కోరి చేసిన దానం దానం కాదని పెద్దవాళ్లు రాశారు. కావచ్చు. కానీ ఆ తొమ్మిది పూటలూ నేను తిన్న అన్నం వేడిగానే ఉంది. ఆమె కోరిక కూడా చెడ్డదేమీ కాదు. నన్ను బాధపెట్టింది, అది బోరింగు దగ్గర ఎవరి నోటి నుంచో వినవలసి రావడం. ముందే నాతో చెప్పి ఉంటే, మొక్కు తీరేదాకా నా అంతట నేనే వెళ్లి కూర్చునేదాన్నేమో.

మావారు పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు శామీర్‌పేటలో ఉంటున్నాను. మా కింది అంతస్తులో కాలు విరిగి మంచం పట్టిన ఒక టీచరమ్మకు మధ్యాహ్నం కూర, అన్నం తీసుకెళ్తాను. చూసినవాళ్లు పుణ్యమంటారు. మొదటి రోజు ఆమె మొహమాటపడి, మీకెందుకమ్మా శ్రమ అంది. గిన్నె చేతికి ఇవ్వకముందే చెప్పేశాను.

"ఇప్పటికీ నా చేతికి ఇద్దరి వంటే వస్తాంది. ఒక్కదాన్ని తినబుద్ధైతలేదు. నా కోసమే తెచ్చిన టీచరమ్మా."

ఆమె పక్క కుర్చీ మీది బట్టలు తీసేసి కూర్చోమంది.