సీటు కింద కూర్చున్న బ్యాటరీ: భిలాయి నుంచి విజయనగరానికి

పదకొండేళ్లు మా గుమ్మం ముందు ఒక డీజిల్ ఎస్‌యూవీ నిలబడింది. మా ఆయనకు అదంటే ప్రాణం, నాకు దాన్ని చూస్తే ఒళ్లుమంట. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇల్లంతా పొగ. నాకు లైసెన్సు వచ్చి ఆరేళ్లయినా, అంత పెద్ద బండి నీ చేతికి లొంగదంటూ ఒక్కనాడూ తాళం ఇవ్వలేదు. గజపతినగరం దగ్గర బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ బస్సులో వేలాడుతూ వెళ్లాను. చివరికి ఇంజన్ పనికి మెకానిక్ చెప్పిన ఖర్చు విని ఆయనే దాన్ని అమ్మేశారు. ఈసారి బండి నీ ఇష్టం, నీ డబ్బు, నువ్వే కొనుక్కో అని మా అన్నదమ్ముల ముందు గొప్పగా ప్రకటించారు. మా ఇంట్లో పెద్ద వస్తువేదైనా నా మాట మీద కొనడం అదే మొదలు. అందుకే ఈ బండి విషయంలో నేను ఓడిపోకూడదు.

సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ హ్యాచ్‌బ్యాక్ కొనాలనుకున్నాను. పెట్రోలు బండే, కానీ దానికి తోడుగా ఒక లిథియం బ్యాటరీ ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకుంటుంది. మా వైపు సరైనది దొరకలేదు. భిలాయిలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మా బాబాయి, అక్కడే సుపేలాలో అప్పల్రాజు అనే మనవాళ్ల కుర్రాడు పాత కార్లు అమ్ముతున్నాడని చెప్పి అతనితో ఫోన్లో మాట్లాడించాడు. అతని తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట, ఇతను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. కిలోమీటర్లు, టైర్లు, ఇన్సూరెన్సు అన్నీ వివరంగా చెప్పి, చివర్లో సీటు కింద బేటరీ కూకుండిపోయింది దీదీ అన్నాడు. ఆ మోడల్లో బ్యాటరీ ఎడమ సీటు కిందే ఉంటుందని నేను చదివి ఉన్నాను. మంచిదే, డిక్కీలో జాగా కలిసొస్తుంది అన్నాను. అయితే సరే దీదీ అన్నాడు. తర్వాత మార్కెట్టు రేటుకన్నా బాగా తక్కువ చెప్పాడు. మనవాళ్లన్న అభిమానం అనుకున్నాను.

విజయనగరంలో ఉదయం రైలెక్కితే చీకటిపడేవేళకు దుర్గ్‌లో దిగుతారు. స్లీపర్ టికెట్టు నాలుగు వందల లోపే. అక్కడినుంచి భిలాయి సెక్టర్ 6లో బాబాయి ఇంటికి ఆటోవాడు మూడు వందలు అడిగి రెండు వందలకు వచ్చాడు. పిన్ని చేసిన చేమదుంపల పులుసు తిని పడుకుని, మర్నాడు పదిగంటలకల్లా బాబాయితో కలిసి దుకాణానికి వెళ్లాను. తెల్లటి బండి, లోపల శుభ్రంగా ఉంది. తాళం తిప్పితే ఒక పసుపు దీపం వెలిగి ఆరకుండా అలాగే ఉంది. హైబ్రిడ్ కదా, దాని గుర్తేమో అనుకుని మురిసిపోయాను. డబ్బు పంపించాను. కాగితాలు సాయంత్రానికి సిద్ధం చేస్తానన్నాడు. ఈలోగా అలవాటు పడదామని బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

మొదటి సిగ్నల్ దగ్గర బండిని న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ వదిలి, ఇంజన్ ఆగడం కోసం చెవులు రిక్కించాను. ఆగలేదు. నాకు చేతకాలేదేమో అనుకున్నాను. రెండో సిగ్నల్లోనూ అంతే, మూడో దాంట్లోనూ అంతే. రిసాలి చేరేసరికి ఇక ఆగలేక బండి పక్కకు తీశాను. రోడ్డు పక్క గ్యారేజీలో మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. పసుపు దీపం చూసి, ఎడమ సీటు మీద అరచేత్తో తట్టి, "బ్యాటరీ బైఠ్ గయీ హై, దీదీ" అన్నాడు. నాకున్న బడి హిందీలో బైఠ్నా అంటే కూర్చోవడమే. కూర్చుంటే మంచిదేగా అని బాబాయి వైపు తిరిగాను.

"పోయిందంటున్నాడమ్మా. అదే గదా అప్పల్రాజు ఫోన్లోన సెప్పేడు," అన్నాడు బాబాయి.

నడిరోడ్డు మీద బాబాయి మీద అరిచాను. పెద్దాయనని కూడా చూడలేదు. ఆరోజు అప్పల్రాజు పక్కనే ఉండి ఫోన్ స్పీకర్లో విన్నవాడు, బ్యాటరీ చచ్చిపోయిందని తెలిసీ నేను మంచిదే అంటుంటే నోరెత్తకుండా ఎలా ఊరుకున్నాడు? ఆయన నొచ్చుకుని, నువ్వు చదువుకున్నదానివి, మంచిదే అంటే ఏదో లెక్క ఉందనుకున్నానన్నాడు. ఇక్కడ మోటారు కూకుంటాది, దుకాణం కూకుంటాది, జలుబు చేస్తే గొంతు కూడా కూకుంటాది, ఇందులో తెలీకపోడానికి ఏటుందని నన్నే అడిగాడు. నలభై ఏళ్లు హిందీవాళ్ల మధ్య బతికి, వాళ్ల మాటకు మన మాట తొడిగేసి, అది తెలుగే అనుకుంటున్నారు వీళ్లంతా.

అదే వేగంతో సుపేలా వెళ్లి అప్పల్రాజు మీద పడ్డాను. దొంగ సరుకు అంటగట్టావన్నాను. అతను కళ్లు తేలేశాడు. ముందే చెప్పానని, అందుకే రేటు తగ్గించానని, మరొకరైతే ఆ దీపం వైరు పీకేసి అమ్మేవాళ్లని అన్నాడు.

"చచ్చిపోయిందని తెలుగులో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" అన్నాను.

"నాను సెప్పింది తెలుగే గదా, దీదీ."

మోసం చేసి ఉంటే తిట్టడానికి వీలుండేది. అతను నిజమే చెప్పాడు. కావాలంటే డబ్బు వెనక్కిస్తానని, బండి ఉంచుకుంటే రాయపూర్ నుంచి కొత్త బ్యాటరీ తెప్పించి ఖర్చులో సగం తానే భరిస్తానని కూడా అన్నాడు. ఆలోచించుకుంటానని బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. నవ్వుతారని తెలుసు, నవ్వించుకోవడానికి సిద్ధపడే చేశాను. ఆయన నవ్వలేదు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు.

"పోనీలే, మంచిదే అయింది. డబ్బులు వెనక్కి తీసుకుని రైలెక్కీ. నువ్వెళ్లిన రోజే నానొక డీజిల్ బండికి బయానా ఇచ్చీసేను."

నేను రైల్లో పార్వతీపురం కూడా దాటకముందే ఆయన ఇంకో ఎస్‌యూవీ మాట్లాడేసుకున్నారు. బ్యాటరీ పోయిన సంగతి అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి మంచిదైనా చెడ్డదైనా ఆయనకు ఒకటే, నేను కొనడమే ఆయన లెక్కలో లేదు. నా చేత అంతదూరం ప్రయాణం చేయించి, నలుగురిలో ఇచ్చిన మాటను ఇంట్లో అంత సులువుగా తుడిచేశారు. అంతవరకు బాబాయి మీదా అప్పల్రాజు మీదా మండిన కోపమంతా అసలు చోటికి చేరింది. ఆ బయానా మీ ఇష్టం, నేను బండిలోనే వస్తున్నానని చెప్పి పెట్టేశాను. ఏడుపు రాలేదు, ఒళ్లంతా కోపమే.

బ్యాటరీ రావడానికి రెండు రోజులు పట్టింది. అది బిగించాక సుపేలా సిగ్నల్ దగ్గర బండి ఆపాను. పసుపు దీపం లేదు. ఇంజన్ ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నా నాకు ఇంకాసేపు అలాగే ఉండాలనిపించింది.

తెల్లారుతూనే బయల్దేరి ధమ్తరి, కాంకేర్ మీదుగా వెళ్తే మధ్యాహ్నానికి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కుతారు. మలుపులు గట్టివి, లారీలు నిండుగా ఉంటాయి, తొందరపడొద్దు. జగదల్‌పూర్‌లో పన్నెండు వందలకు శుభ్రమైన గది దొరికింది. మర్నాడు కోరాపుట్, సాలూరు మీదుగా ఘాట్ దిగి భోజనాల వేళకు విజయనగరంలో ఉన్నాను. దారి మొత్తానికి పెట్రోలు మూడు వేలు దాటలేదు. ఆడమనిషి ఒక్కతే ఇంత దూరమా అని కొండగావ్ హోటల్లో వంటావిడ అడిగితే, వెంట ఎవరైనా ఉంటే బండి నాకివ్వరు కదా అన్నాను. ఆవిడ ఇంకో రొట్టె వేసి డబ్బు తీసుకోలేదు.

మా ఆయన ఇప్పటికీ ఆ బండిలో ఎక్కరు, నేనూ ఎక్కమని అడగను. నాకు ఈ కోపం తగ్గలేదు, తగ్గాలని తొందరా లేదు. తప్పు మాట వాడినా అప్పల్రాజు నిజం చెప్పాడు. నాకు అచ్చమైన తెలుగులో, నలుగురి ముందు, అందమైన వాక్యంలో మాటిచ్చింది ఇంటాయన. ఇలాంటి బండికోసం మీరు వెళ్తే నా సలహా ఒక్కటే. ఛత్తీస్‌గఢ్ బండికి అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తీసుకోవాలి, మన దగ్గర పన్ను కట్టాలి. ఆ కాగితాల్లో కొనేవారి పేరు అన్నచోట ఎవరి పేరు రాస్తున్నారో పక్కనే నిలబడి చూడండి. అప్పల్రాజు మర్యాదకే కాబోలు, మా ఆయన పేరేమిటని అడిగాడు. నేను పెన్ను లాక్కుని నా పేరు రాసుకున్నాను.