అమ్మ ముగ్గు పట్టిన లీకు

నాలుగు పాత తొట్లు, ఒకే పంపు! చెత్త కలెక్షన్‌కని మేముండే హారిస్‌డేల్‌లో వీధిలో ఎవరో బయటపెట్టిన ఇనుప రాక్ మీద, నా నీటిమొక్కల అక్వేరియాలు నాలుగూ పైపులతో కలిసి ఇవాళ పొద్దున మొదటిసారి నడిచాయి! గరాజ్‌లో నేను గంతులేస్తుంటే ఎక్కడో టప్పుమని చుక్క పడింది. ఉన్నవి పన్నెండు జాయింట్లు. టార్చి పట్టుకుని గంటసేపు వెతికినా కారేది ఏదో తెలియలేదు.

కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మ బియ్యప్పిండి డబ్బాతో వచ్చింది. రాక్ కింద తడి తుడిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పద్మాల ముగ్గు వేయడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేను లీక్ వెతుకుతుంటే నీకు డెకరేషనా?"

"నేనూ అదే వెతుకుతున్నానే. రా, కాఫీ తాగొద్దాం."

తాగి వచ్చేసరికి మూడో పద్మంలో ఒకే ఒక్క రేకు తడిసి ఉంది. సరిగ్గా దాని పైనున్న జాయింట్ బిగించాను. అమ్మ ఆ రేకు మళ్ళీ వేసింది. సాయంత్రమైంది, ఇంకా పొడిగానే ఉంది!

కొందామని కార్ట్‌లో పెట్టుకున్న లీక్ సెన్సర్ తీసేశాను. అది వాడుతున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీ సెన్సర్ ఏ రేకు తడిసిందో కూడా చెబుతుందా?