ముందే తెలిసిన కబురు

ఈ సాయంత్రం నా భార్య చెప్పవలసిన మాటను నేను లాగేసుకున్నాను. సుజాత నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్లుగా లెక్కలు చెబుతోంది. ఇవాళ ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “ఏమండీ, ఇవాళ ఏమైందో తెలుసా?” అంది. ఫోనులోంచి తల ఎత్తకుండానే, “తెలుసు, హెడ్మిస్ట్రెస్‌ని చేశారుగా. మీ టీచరెవరో ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టింది, మధ్యాహ్నమే చూశాను. కంగ్రాట్స్,” అన్నాను. ఆమె చేతిలోని స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

డబ్బా మూత తీశాను. నేతి వాసన కంటే ముందు కొత్త అట్ట వాసన, దాని మీది సిరా వాసన ముక్కుకు తగిలాయి. ఆ వాసనలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. మిఠాయి ముక్క చేతిలోనే ఉండిపోయింది. అప్పటి నా యజమాని జంగయ్యగారు గుర్తొచ్చారు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఎదురుగా ఉంటే నన్ను తిట్టేవారు కాదు, నవ్వేవారు. అదే ఇంకా కష్టం.

నాచారం పారిశ్రామికవాడలో ఆయనకు అట్టడబ్బాలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో గది తీసుకున్న నాకు బిల్లులు, ఆర్డర్లు, ఫోన్లు చూసే పని ఇచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆఫీసులో ఇంటర్నెట్ పెట్టించగానే నేను దానికి అతుక్కుపోయాను. ఒక వార్త చదువుతుంటే పక్కన ఇంకొకటి, అందులోంచి మరొకటి. ఎక్కడో ఎన్నికలు, ఎవరిదో విడాకులు, ఏ దేశానిదో తుఫాను. చదివిన పేజీనే కాసేపటికి మళ్లీ తెరిచేవాణ్ణి, ఏదైనా నన్ను దాటి పోయిందేమోనని. జంగయ్యగారు పొద్దున్నే లోపలికి వస్తూ, “ఏంది శీనూ, దునియా నడుస్తుందా? నువ్వు సూడకుంటే ఆగిపోతదేమో, సూడు సూడు!” అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేసి, చదువుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం షట్టరు దించే ముందు ఆయన నా బల్ల అంచున కూర్చున్నారు. “పొద్దటి సంది సదువుతనే ఉన్నవ్ గదా, ఒక్కటి చెప్పు, ఇంటా,” అన్నారు. నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు. ఏదో క్రికెట్ స్కోరు మొదలుపెట్టి, అది ఏ మ్యాచ్‌దో తేలక ఆగిపోయాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. “కడుపునిండ తిన్నోడు ఏం తిన్నడో చెప్తడు గదనోయ్! నువ్వు తిన్నవా, నమిలి ఉమ్మేసినవా?” అన్నారు. నాకు రోషం వచ్చింది. మర్నాటి నుంచి ఇంకా ఎక్కువ చదివాను.

ఆయనకు ఒక అలవాటుండేది. ఎవరు ఏ కబురు తెచ్చినా “గట్లనా!” అనేవారు, అప్పుడే విన్నట్టు. పొద్దున పేపరు మొత్తం చదివే మనిషి. ఒకసారి బంద్ రోజున వ్యాను డ్రైవరు రోడ్ల సంగతి చెప్పడానికి వస్తే, “తెలుసు, నెట్‌లో చూశాను, అన్నీ బందే,” అని నేను కొట్టిపారేశాను. అతను వెనక్కి తిరిగాడు. జంగయ్యగారు మాత్రం, “గట్లనా! మల్ల మీ దిక్కెట్లుంది?” అని అడిగారు. మల్లాపూర్ లోపలి దారి తెరిచే ఉందని అప్పుడు చెప్పాడు. ఆ దారినే మా సరుకు వెళ్లింది. అది చూసి కూడా నేను నేర్చుకోలేదు.

నేర్చుకున్నది లావణ్య వల్ల. కటింగ్ మిషన్ మీద పనిచేసే యాదగిరి కూతురు. పదో తరగతి ఫలితాలు వచ్చే రోజు యాదగిరి పొద్దున్నే చెప్పాడు, “నా బిడ్డ దోస్తుతోటి నెట్ సెంటర్‌ల సూసుకొని, ఉరుక్కుంట వస్త అన్నది సార్. జర ఆగుదాం.” ఆ పిల్ల హాల్‌టికెట్‌కు జిరాక్స్ తీసిచ్చింది నేనే. నంబరున్న ఒక కాపీ నా సొరుగులోనే ఉండిపోయింది. ఫలితాలు అక్కడ, నంబరు ఇక్కడ, మధ్యలో నేను. ఆగలేకపోయాను. చూసి, మిషన్ల మోత మీదుగా అరిచాను: “యాదగిరీ, ఫస్ట్ క్లాస్!”

కాసేపటికి ఆ పిల్ల ఆయాసపడుతూ వచ్చింది. “నాయినా...” అందో లేదో, యాదగిరి సంబరంగా, “ఎర్కే బిడ్డా, సార్ చెప్పిండు, ఫస్ట్ క్లాస్!” అన్నాడు. ఆ ముఖం వాడిపోవడం నేను చూశాను. జంగయ్యగారూ చూశారు. “ఇటు రా బిడ్డా,” అని పిలిచి కుర్చీ వేయించారు. “ఏమైందో నువ్వు చెప్పు.”

“పాసైన సార్. ఫస్ట్ క్లాస్.”

“గట్లనా! ఎవరు సూసిన్రు, నువ్వా, నీ దోస్తా?”

“దోస్తే. నేను కండ్లు మూసుకున్న. అది చెప్పినా నమ్మలే సార్, మల్ల మల్ల సదివిచ్చిన!” అని ఆ పిల్ల నవ్వేసింది. యాదగిరి మిషన్ ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు.

వాళ్లు వెళ్లాక జంగయ్యగారిని అడిగాను, మీకు ముందే తెలుసుగా, తెలియనట్టు ఎందుకు అని.

“ఏం తెల్సు నాకు? మార్కులు తెల్సినయ్. పొల్ల కండ్లు మూసుకున్నది నీకు తెల్సా?”

నెట్ తీయించేస్తారనుకున్నాను. తీయించలేదు. “తీస్తే నువ్వు కేఫ్‌ల కూసుంటవ్. మనిషొస్తే తెర బంద్ జెయ్యి, పోయినంక తెరువు. గంతే,” అన్నారు. ఎవరు వచ్చినా మానిటర్ మీట నొక్కడం మొదలుపెట్టాను. మొదట్లో మరిచిపోయేవాణ్ణి, తర్వాత అలవాటైంది. మనుషులు నా దగ్గర ఆగి మాట్లాడడమూ అలవాటైంది. చదవడం దానంతటదే సగానికి తగ్గింది. అది నిజంగా పనిచేస్తుందని నేను గట్టిగా చెప్పగలను. తెర జేబులోకి వచ్చాక దాన్ని ఆపడం మానేశాను. అది నా తప్పే, ఫోనుది కాదు.

ఇవాళ ఫోను ఆపి గదిలో వదిలేసి, వంటింట్లోకి వెళ్లాను. సుజాత బీరకాయ చెక్కు తీస్తోంది.

“నువ్వు చెప్పాల్సింది నేను చెప్పేశాను. తప్పు నాదే. మొదటినుంచీ చెప్పవా?”

“తెలుసన్నారుగా. ఫేస్‌బుక్‌నే అడగండి.”

నేను కదల్లేదు. ఇంకో కత్తిపీట లేదు కాబట్టి కొత్తిమీర కట్ట విప్పి, ఆకులు గిల్లుతూ కూర్చున్నాను. ఆమె రెండో కాయ తీసుకుంది. నా వైపు చూడకుండానే అంది.

“ముందు ఆ పోస్టు వద్దన్నాను, తెలుసా?”

“తెలియదు,” అన్నాను.

ఆమె స్టవ్ మంట తగ్గించి, నా వైపు తిరిగింది.