ఒడిలో గుమ్మడి పూలు

ఆ ఉదయం వికారాబాద్‌లో రైలెక్కేనాటికి సంతోషం గాని దుఃఖం గాని నన్ను తాకక చాలా రోజులైంది. ఎదుటి సీటులో ఒక పెద్దమ్మ తడిగుడ్డ విప్పి, పిందె లేని గుమ్మడి పూలను చూసుకుంటోంది.

"తాండూరుల నా బిడ్డకు," అన్నది. "పిందె లేని పువ్వు ఉత్తదేనని రోజూ తెల్లారంగనే అన్నీ తెంపి బతుకమ్మల పేర్చింది. ఇప్పుడు పిందెలన్నీ రాలుతున్నయి. గొడ్డుతీగ అని ఇయ్యాల పీకేస్తనంటుంది."

"తప్పు తీగది కాదు కదా?" అన్నాను, వాదనకు అలవాటుపడిన గొంతుతో.

"గట్లనే చెప్పిన, ఇనదు. రెక్కలు తేనెటీగను పిలుస్తయి. ఈ పూల నడుమ పొడి దానికి అంటుతది. పిందెపువ్వు జిగురు ఆ పొడిని పట్టుకుంటది. ఏదీ ఉత్తది కాదు బిడ్డా. పొద్దెక్కకముందే పోయి ఈ పొడిని నా చేత్తోనే పిందెపూలకు అద్ది చూపిస్త."

ఆమె వైపు ఎండ పడింది. అడగకుండానే మూటను నా ఒడిలో పెట్టింది. "జర పట్టుకో, వాడిపోతయి."

ప్రశ్నించనిదే దేన్నీ ఒప్పుకోని నేను తాండూరు దాకా కదలకుండా కూర్చున్నాను. రైలు ఆగగానే ఆమె మూట అందుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. ఆ తీగ నిలిచిందో లేదో నాకు తెలియదు. నా ఎడమచేతి వేళ్లకు పసుపుపచ్చని పొడి మిగిలింది. మధ్యాహ్నం భోజనానికి ముందు కుడిచేయి ఒక్కటే కడుక్కున్నాను.